ఎర్ర లైటు దూరం నుంచే కనపడుద్ది కదా



గుంటూరు యార్డుకు మిరపకాయల లోడుతో ట్రాక్టర్ తోలే మనోళ్లకు ఒక మాట. సిగ్నల్‌లో ఎర్ర లైటు చాలా దూరం నుంచే కనపడుద్ది. అయినా కొంతమంది దాని దాకా అదే స్పీడులో పోయి, చివర్లో గట్టిగా బ్రేకు తొక్కుతారు. ఎంత తొందరగా పోయినా ఆగేది ఆ లైటు దగ్గరే గదా!

బండిని ఆపాలంటే దాని ఊపంతా బ్రేకులో వేడిగా మారాలి. వేగం రెట్టింపయితే ఆ వేడి నాలుగింతలు. 15 కిలోమీటర్ల వేగంలో ఆపడానికీ, 30లో ఆపడానికీ అంత తేడా. లైనింగులు అరిగేది అక్కడే. పైగా మన ట్రక్కుల్లో చాలావాటికి బ్రేకులే ఉండవు. వెనక టిక్కీల బరువు కూడా ట్రాక్టర్ బ్రేకులే ఆపాలి.

అందుకని లైటు కనపడగానే యాక్సిలరేటర్ వదలండి. గేర్‌లోనే ఉంచితే ఇంజనే బండిని పట్టి నెమ్మది చేస్తుంది. న్యూట్రల్ చేస్తే ఆ పట్టు పోయి భారమంతా బ్రేకు మీద పడుద్ది. బాగా నెమ్మదించాక బ్రేకు తొక్కితే చాలు. ఒక్కోసారి మనం చేరేలోపే పచ్చ లైటు పడుద్ది, ఆగే పనే ఉండదు.

ఇంకోటి. దుక్కిలో మలుపుల కోసం విడదీసిన రెండు బ్రేకు పెడల్స్‌నీ రోడ్డెక్కే ముందు లాకేసి కలపండి. స్పీడులో ఒకవైపే బ్రేకు పడితే బండి అటు లాగేసి బోల్తా కొట్టొచ్చు.

లైనింగులు అరిగితే కొత్తవి వేయించుకోవచ్చు. కానీ సిగ్నల్ దగ్గర మన ముందు ఆగి ఉండేది పిల్లల్ని ఎక్కించుకున్న బైకులోళ్లు. బ్రేకు అందకపోతే వాళ్లకు తప్పుకునే చోటుండదు.