ఇంటి కింద పోసిన చెరువు మట్టి



ఇప్పుడు మా జనగామ దిక్కు ఏ ఊరికి పోయినా ఇందిరమ్మ ఇండ్ల బేస్‌మెంట్లే కనపడుతున్నయి. మొన్న మహబూబాబాద్ దిక్కు చుట్టాల ఇంటికి పోతుంటే తొవ్వల ఒకాయన తన బేస్‌మెంట్ల నల్లమట్టి పోయిస్తున్నడు. బండి ఆపి అడిగిన.

"అన్నా, ఈ మట్టి ఎక్కడిది?"

"మన చేనుదే. కిరాయి తప్ప పైస ఖర్చు లేదు" అన్నడు సంబురంగ.

నేను కూడా ఒకప్పుడు గట్లనే సంబురపడ్డ. అందుకే ఈ పోస్టు రాస్తున్న. కొంచెం పొడుగున్నది, ఓపికతోని చదువుండ్రి.

2015ల మిషన్ కాకతీయ మొదలైంది. మా చెరువుల పూడిక తీస్తుంటే రైతులందరం ట్రాక్టర్లు పెట్టుకొని మట్టి తోలుకున్నం. నాది ఎర్ర చెల్క. చెరువు మట్టి పడితే తేమ నిలుస్తది, ఎరువు ఖర్చు తగ్గుతది. గది అందరికి తెలిసిన ముచ్చటే. అదే ఎండకాలం నేను ఇల్లు మొదలుపెట్టిన. బేస్‌మెంటు నింపాలంటే మొరం కావాలె, మొరానికి పైసలు కావాలె. చెరువు మట్టి కండ్ల ముందటనే ఉన్నది. సుతారి మేస్త్రి వద్దన్నడు. నేనే ఇనలే. చేనుకు పోయే ట్రాక్టర్లను ఇంటి దిక్కు మళ్లించిన. పైన ఇంత కంకర, సిమెంటు వేసి తాండూరు బండలు పరిపిచ్చిన.

ఆ ఏడు వానలు లేవు. ఇల్లు మంచిగనే ఉన్నది. 2016 సెప్టెంబర్‌ల వానలు దంచి కొట్టినయి. నల్లమట్టి గుణం మనకు తెల్వంది కాదు. తడిస్తే ఉబ్బుతది, ఎండితే నెర్రెలిడుస్తది. చేన్ల చేసే పనే ఇంట్ల కూడా చేసింది. వానలకు బండలు లేసినయి, ఎండలు ముదిరినంక కొన్ని కుంగినయి. వంటింటి కడప దగ్గర ఒక బండ అంగుళం దిగింది. తర్వాత సరిచేద్దాం అనుకుంట రోజులు గడిపిన.

2017 ఎండకాలంల మా అమ్మ తెల్లారగట్ల నీళ్లకు లేచి ఆ బండ అంచుకు కాలు తట్టుకొని పడ్డది. తుంటి బొక్క ఇరిగింది. ఆపరేషన్ చేపిచ్చినం. మొరానికి మిగిల్చిన పైసలకు ఎన్నో రెట్లు దవాఖానకు పోయినయి. గది పెద్ద బాధ కాదు. కలుపుకు పోతే అందరికన్న ముందు సాలుల ఉండే మనిషి, ఆ తర్వాత వాకర్ ఇడువలే.

నన్ను ఒక్క మాట తిట్టలే. ఒకనాడు మాత్రం, "ఇంత వ్యవసాయం చేసినవు. ఏ మట్టి యాడ ఉండాల్నో నీకే తెల్వకపాయెనా బిడ్డా" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు.

బండలు పీకి, ఆ మట్టి మొత్తం తవ్వి చేనుకు తోలిన. అది ముందే పోవాల్సిన జాగకు రెండేండ్లు ఆలస్యంగ పోయింది. ఆ మడిల పత్తి మంచిగ వచ్చింది కూడా. తప్పు మట్టిది కాదు.

రెండోసారి మొరం పోపిచ్చేటప్పుడు లెక్క నేర్చుకున్న. మనం అందరం "ట్రిప్పుకు ఎంత?" అని అడుగుతం. ట్రిప్పు అనేది కొలత కాదు. ఒక ట్రాలీకి ఇంకో ట్రాలీకి పోలిక ఉండది. పొడుగు, వెడల్పు, లోతు అడుగులల్ల కొలిచి గుణిస్తే సీఎఫ్టీ వస్తది, అంటే ఘనపుటడుగులు. నా బేస్‌మెంటు 30 అడుగుల పొడుగు, 20 వెడల్పు, 2 అడుగుల లోతు. అంటే 1200 సీఎఫ్టీ. దిమ్మిస కొడితే మొరం అణుగుతది, అందుకని పావు వంతు కలిపి 1500 అనుకున్న. ట్రాలీ 100 సీఎఫ్టీ అన్నరు. ఆ లెక్కన 15 ట్రిప్పులు. టేపు పెట్టి చూస్తే 9 అడుగులు, 6 అడుగులు, అడుగున్నర లోతు, మొత్తం 81. అంటే 19 ట్రిప్పులు కావాలె.

టేపు తీస్తే ట్రాక్టర్ పిలగాడు నవ్విండు. "ఏంది మామా, నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉన్నది తమ్మీ, నా లెక్క మీదనే లేదు" అన్న.

పిలగాడు కూడా మోసం చేసినోడు కాదు. అందరు 100 అంటున్నరని తను కూడా అన్నడు. కొలిచినంక ధర దానికి తగ్గట్టు మాట్లాడుకున్నం. మొరం ఒకేసారి కుప్ప పోయొద్దు. అర్ధ అడుగు మందం పోసి, నీళ్లు కొట్టి, దిమ్మిస వేసి, మళ్ల పోయాలె.

ఇసుక సంగతి కూడా చెప్పుత. భూపాలపల్లి దిక్కు మహదేవ్‌పూర్, కాళేశ్వరం కాడి గోదావరి ఇసుక లారీలల్ల టన్నుల లెక్కన వస్తది. ఊరి వాగు ఇసుక ట్రాక్టర్ లెక్కన వస్తది. రెండింటి ధర ఒక్క తీరు పోల్చొద్దు. 100 సీఎఫ్టీ ఇసుక సుమారు నాలుగు, నాలుగున్నర టన్నులు తూగుతది. పదనున్న ఇసుక ఉబ్బి ట్రాలీ నిండుగ కనపడుతది, ఎండితే తగ్గుతది. మట్టి ఎంతున్నదో చూడాల్నంటే గాజు సీసల సగం ఇసుక, మిగతా నీళ్లు పోసి, చిటికెడు ఉప్పేసి ఊపి, మూడు గంటలు పెట్టుండ్రి. ఇసుక మీద మట్టి పొర తేలుతది. అది ఇసుకల నూటికి 8 పాళ్లు దాటితే ఆ లోడు వద్దు.

కంకర అయితే స్లాబుకు 20 ఎంఎం, కింద బెడ్డుకు 40 ఎంఎం. పలక లెక్క సన్నగున్న రాళ్లు, దుమ్ము ఎక్కువున్న లోడు దించుకోవద్దు. దించినంక ఎవరు వాపస్ తీసుకపోరు. పర్మిట్ కాయితం కూడా అడుగుండ్రి. దొంగ లోడు తొవ్వల పట్టుబడితే మన పని కూడా ఆగుతది.

ఆ నల్లమట్టి పోపిచ్చుకునే అన్నకు ఇదంత చెప్పిన. మా అమ్మ ముచ్చట చెప్పినంక ట్రాక్టర్ ఆపిండు. అప్పటికే నాలుగు ట్రిప్పులు పడ్డయి. "తీపియ్యాల్నా?" అని అడిగిండు. తీపియ్యమన్న. నాలుగు ట్రిప్పులు తీసుడు ఇయ్యాల కష్టం కాదు, గచ్చు వేసినంక కష్టం.

మీ ఊర్ల ఎవరన్న బేస్‌మెంటు నింపుతుంటే ఒక్కసారి ఆగి మట్టి చూడుండ్రి. నల్లగుంటే అడుగుండ్రి. ఏమన్న అనుకుంటరని ఊకోవద్దు.