47 వేల కంప్యూటర్

2021 ఆగస్టు నాటికి నా చేతిలో 47 వేల రూపాయలు పోగయ్యాయి. సూర్యాపేట దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి మీద ఒక పెట్రోల్ బంకులో నైట్ డ్యూటీలు చేసి దాచుకున్నది సగం. మిగతా సగం అమ్మ చీటీ పాడి ఎత్తిన డబ్బు. పాట పోను చేతికొచ్చిందంతా నాకిచ్చి, "నెల నెలా కట్టుడు మాత్రం నీదే బిడ్డా" అంది. నెట్ సెంటర్లో గంటల లెక్కన పైసలు కట్టి ఆడిన ఆటలు సొంత సిస్టంలో ఆడాలని నా కోరిక. చదువుకనో ఉద్యోగానికనో సాకు చెప్పలేదు. ఆడుకోవడానికే అన్నాను. అమ్మ సరేనంది.

గేమింగ్ కంప్యూటర్ కొనడానికి అంత చెడ్డ కాలం అంతకుముందు రాలేదు. కరోనాతో ఇళ్లకు పరిమితమైన జనం కంప్యూటర్ల మీద పడ్డారు. చిప్పుల ఫ్యాక్టరీలు అందుకోలేకపోయాయి. దానికి తోడు ఈథీరియం. ఆ క్రిప్టో కరెన్సీని గ్రాఫిక్ కార్డులతో మైనింగ్ చేసి సంపాదించే వీలుండడంతో కొందరు కార్డులను వందల లెక్కన ఎత్తుకుపోయారు. జీటీఎక్స్ 1650 అని ఎన్విడియా 2019 ఏప్రిల్‌లో తెచ్చిన చిన్న కార్డు ఉంది. 4 జీబీ మెమరీ, 75 వాట్ల కరెంటు, అమెరికాలో విడుదల ధర 149 డాలర్లు. రెండేళ్లు పాతబడ్డ ఆ కార్డుకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో నాకు చెప్పిన ధర 28 వేలు. అదీ స్టాక్ ఉంటే.

పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను అందరూ సీటీసీ అనే అంటారు. కంప్యూటర్ సామాను కోసం జంట నగరాల వాళ్లే కాదు, జిల్లాల నుంచి కూడా అక్కడికే వస్తారు. నైట్ డ్యూటీ దిగి తెల్లవారుజామున బస్సెక్కితే దుకాణాలు తెరిచే వేళకు అక్కడుండేవాణ్ని. కొటేషన్లు రాయించుకోవడం, సాయంత్రం బస్సు పట్టుకుని మళ్లీ డ్యూటీకి రావడం. నిద్ర బస్సులోనే.

నాలాంటి వాళ్ల కోసం బయట కొన్ని చోట్ల వేరే సరుకు సిద్ధంగా ఉండేది. "ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్ కార్డ్, గేమింగ్ పీసీ 25 వేలే" అని బోర్డు. క్యాబినెట్‌కు అద్దం, లోపల రంగురంగుల లైట్లు. ఆన్ చేయించి చూస్తే ప్రాసెసర్ ఐ5-2400. అది 2011లో వచ్చింది. కార్డు జీటీ 730, 2014 నాటిది. దానికి మెమరీ 4 జీబీ ఉన్నా కొత్త ఆటలు లాగే సత్తా లేదు. ఆఫీసుల్లోంచి తీసేసిన సిస్టంల గుండెకాయకు కొత్త డబ్బా తొడిగి అమ్ముతున్నారు. 'ఐ5' అన్న రెండక్షరాలు చూసి తండ్రులు పిల్లల కోసం కొనుక్కుపోవడం నా కళ్లతో చూశాను.

సెకండ్ హ్యాండ్ కార్డు కోసమూ తిరిగాను. ఒకాయన ఆర్‌ఎక్స్ 580, 8 జీబీ కార్డు 18 వేలకిస్తానన్నాడు. ఆయన ఇంటికి వెళ్లి జీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రాం నడిపి చూశాను. అసలు 580 అయితే బొమ్మల లెక్కలు చేసే షేడర్లు 2304 ఉండాలి. ఇక్కడ 2048 అని వచ్చింది. చైనా మార్కెట్ కోసం 2018లో తెచ్చిన తక్కువ రకం అది. పేరు 580, బలం 570. ఫ్యాన్ల సందుల్లో దుమ్ము గట్టిపడి ఉంది. రాత్రింబవళ్లు మైనింగ్‌లో తిరిగిన కార్డని చూస్తేనే తెలుస్తోంది. "మైనింగ్ చేసిందా అన్నా?" అంటే, "అబ్బే, మా తమ్ముడు ఆడుకున్నది" అన్నాడు. దండం పెట్టి వచ్చేశాను.

చివరికి కార్డు ఆశ వదిలేశాను. ఏఎండీ రైజెన్ 5 5600జీ ఆ నెలలోనే బజారులోకి వచ్చింది. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. ముఖ్యంగా లోపలే వేగా గ్రాఫిక్స్ ఉంది. ఇంటెల్ ఐ3-10100ఎఫ్ చాలా చవక గానీ, పేరు చివర ఆ 'ఎఫ్' ఉంటే ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండదని అర్థం. కార్డు లేనిదే తెర మీద బొమ్మే రాదు. 28 వేల కార్డు కొనలేనివాడికి ఎఫ్ ప్రాసెసర్ ఎందుకు? 5600జీతో చిన్న ఆటలు ఇప్పుడే ఆడొచ్చు, మంచి రోజులొస్తే కార్డు తర్వాత పెట్టుకోవచ్చు.

కొటేషన్ ఇలా తేలింది. ప్రాసెసర్ 23,500. మదర్‌బోర్డు 6,200. ర్యామ్ 6,000. 500 జీబీ ఎస్ఎస్‌డీ 4,200. అన్నిటికీ కరెంటు అందించే ఎస్ఎంపీఎస్, పేరున్న కంపెనీది, 450 వాట్లు, 3,300. క్యాబినెట్ 2,300. కీబోర్డు, మౌస్ కలిపి 1,000. మొత్తం 46,500. ర్యామ్ ఒకటే 16 జీబీ స్టిక్ కాకుండా 8 జీబీవి రెండు అడిగాను. కార్డు లేనప్పుడు ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది. రెండు స్టిక్కులు వేరువేరు ఛానళ్లలో పడితే దానికి డేటా అందే దారి రెట్టింపవుతుంది, ఆటలో తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. మానిటర్‌కు డబ్బు లేదు. బంకు ఆఫీసులో పక్కన పడేసిన 19 అంగుళాల మానిటర్‌ను మా సారు ఉచితంగా ఇచ్చాడు. దానికి వీజీఏ కేబులే ఉంది కాబట్టి వీజీఏ పోర్టున్న బోర్డే చూశాను. ఆ మానిటర్ రిజల్యూషన్ 1366 బై 768. పిక్సెళ్లు తక్కువైతే గ్రాఫిక్స్ మీద భారమూ తక్కువే. పేదరికం అలా ఒక్క విషయంలో కలిసొచ్చింది.

ఇక బిల్లు. అడిగితే దుకాణదారు, "బిల్ గావాలంటే 18 శాతం పైన పడ్తది తమ్మీ" అన్నాడు. అంటే ఎనిమిది వేల పైచిలుకు. నా దగ్గర మిగిలిందే ఐదు వందలు. "జీరోలో తీస్కో, అందరు గట్లనే తీస్కుంటరు. బాక్సుల మీద నంబర్లుంటయి, వారంటీకి ఏం కాదు" అని తెల్లకాగితం మీద ఎస్టిమేట్ రాసిచ్చాడు. డబ్బు యూపీఐలో కొట్టాను. అసెంబుల్ చేసి సాయంత్రం ఇచ్చారు. బాక్సులన్నీ సంచిలో ఉన్నాయి, ఎస్ఎంపీఎస్ బాక్సు తప్ప. "చినిగింది, పడేసినం" అన్నాడు కుర్రాడు. ఇప్పటి క్యాబినెట్లలో ఎస్ఎంపీఎస్ అడుగున రేకు మూత కింద దాక్కుని ఉంటుంది. అద్దంలోంచి వైర్లే కనబడతాయి.

మొదట్లో బాగానే నడిచింది. వాలరెంట్ హాయిగా ఆడింది. జీటీఏ 5 సెట్టింగులు తగ్గిస్తే నడిచింది. తర్వాత ఆట మధ్యలో సిస్టం టప్పున ఆగిపోవడం మొదలైంది. దుకాణానికి ఫోన్ చేస్తే "విండోస్ మళ్ల ఎక్కియ్" అన్నారు. ఎక్కించాను. "మీ ఊర్ల కరెంటు మంచిగుండదు" అన్నారు. ఒక రాత్రి పటాకు పేలినట్టు చప్పుడైంది. వెనక నుంచి పొగ, కాలిన ప్లాస్టిక్ వాసన. అమ్మ పరుగెత్తుకొచ్చి మెయిన్ ఆఫ్ చేసింది. మళ్లీ ఆన్ చేయడానికి ఆ రాత్రి ఇద్దరికీ ధైర్యం చాలలేదు.

మా ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసే అన్న రేకు మూత విప్పి ఎస్ఎంపీఎస్ బయటికి తీశాడు. కొటేషన్లో రాసింది అది కాదు. ఏ కంపెనీదో తెలియని తేలికపాటి డబ్బా. "దీన్ని చూడు" అని స్టిక్కర్ మీద వేలు పెట్టాడు. పైన పెద్దక్షరాల్లో 450 వాట్లు. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల గడిలో 12 ఆంపియర్లు. ప్రాసెసర్‌కూ కార్డుకూ అందేది ముఖ్యంగా ఆ లైనులోంచే. పన్నెండు పన్నెండ్లు 144. అంటే కంప్యూటర్‌కు అసలు పనికొచ్చేది 144 వాట్లు. మంచి ఎస్ఎంపీఎస్‌లో వోల్టేజీ అదుపు తప్పితే తనంతట తాను ఆగిపోయే రక్షణ ఉంటుంది. ఇందులో అదీ లేదు. పోతూ పోతూ బోర్డును కాల్చింది. ప్రాసెసర్, ర్యామ్, ఎస్ఎస్‌డీ తీసి వేరే బోర్డులో పెట్టి చూశాడు. డిస్‌ప్లే వచ్చింది. 23,500 బతికిందని తెలిసి అక్కడే కూలబడ్డాను.

అసలు కష్టం ఆ తర్వాతే మొదలైంది. బోర్డు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో కాలిన మరక చూపించి, వారంటీ వర్తించదన్నారు. దుకాణానికి పోతే, "గీ ఎస్ఎంపీఎస్ మాది గాదు. మా దగ్గరనే కొన్నవని బిల్ చూపెట్టు" అన్నాడు. ఎనిమిది వేలు మిగులుతాయని తనే వద్దన్న బిల్లును ఇప్పుడు తనే అడుగుతున్నాడు. నా దగ్గరున్నవి వాట్సాప్‌లో పంపిన కొటేషన్, యూపీఐ రసీదు. అవి చూపించి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను. చాలా బతిమాలుడు, గద్దింపు తర్వాత ఎస్ఎంపీఎస్ డబ్బు 3,300 తిరిగిచ్చారు. బోర్డుకు రూపాయి కూడా రాలలేదు. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. 2019 చట్టం ప్రకారం మనముండే జిల్లాలోనే వేసుకోవచ్చు, ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. కానీ వాయిదాకొక డ్యూటీ పోతే నాకు జీతం కోత.

కంప్యూటర్ ఆగింది గానీ చీటీ ఆగదు. నల్లటి డబ్బా గది మూలన ఉంటే, దాని కోసం తెచ్చిన డబ్బుకు నెల నెలా కిస్తీ కడుతూ వచ్చాను. బతుకమ్మకు ఇంట్లో ఎవరికీ కొత్త బట్టలు రాలేదు. చుట్టాలు "ఆటల మిషిన్ ఎట్లుంది?" అని నవ్వేవాళ్లు. అమ్మ మాత్రం ఆ ఊసు ఎత్తలేదు. డబుల్ డ్యూటీలు చేసి చలికాలానికి బోర్డు, ఎస్ఎంపీఎస్ మళ్లీ కొన్నాను, ఈసారి వేరే దుకాణంలో, పన్ను కట్టి, బిల్లుతో. ఆ దుకాణంలో పాత స్టాక్ బోర్డు 5600జీని గుర్తుపట్టకపోతే, నా ముందే బయాస్ అప్‌డేట్ చేసి డిస్‌ప్లే చూపించాకే ప్యాక్ చేశారు. సీరియల్ నంబర్లు బిల్లు మీద రాశారు. వ్యాపారం అలా కూడా చేస్తారు.

కార్డు సంగతి కాలమే తేల్చింది. 2022 జనవరిలో ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ వచ్చినప్పుడు మనసు లాగింది. అయితే దానికి డేటా దారులు, అంటే పీసీఐ లేన్లు, నాలుగే. 5600జీ ఇచ్చేది పాత మూడో తరం పీసీఐ కాబట్టి ఆ కార్డు వేగం నా సిస్టంలో ఇంకా పడిపోతుంది. ఆగాను. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం తన పద్ధతి మార్చుకుని మైనింగ్‌కు స్వస్తి చెప్పింది. అప్పటికే దిగుతున్న ధరలు ఇంకా నేలకు వచ్చాయి. 2023లో ఆర్‌ఎక్స్ 6600, 8 జీబీ కార్డు కొత్తది, బిల్లుతో 21 వేలకు కొన్నాను. రెండోసారి కొన్న 450 వాట్ల ఎస్ఎంపీఎస్ దాన్ని నేటికీ మోస్తోంది.

ఇప్పుడు మంట కార్డుల మీది నుంచి ర్యామ్ మీదికి మారింది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులు తన్నుకుపోవడంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎగబాకాయి. కొత్తగా కొనే తమ్ముళ్లు, చెల్లెళ్లు మళ్లీ ఎక్కడో ఒక దగ్గర కోత పెట్టుకోవాల్సిందే. కార్డులో పెట్టుకోండి, మానిటర్‌లో పెట్టుకోండి, లైట్లున్న క్యాబినెట్ మానేయండి. ఎస్ఎంపీఎస్‌లో మాత్రం వద్దు. దాని మోడల్ పేరు కొటేషన్లో రాయించండి, మీ ముందే బాక్సు విప్పించండి, 12 వోల్టుల గడి చదివాకే బిగించనివ్వండి. 200 రూపాయలు దాటిన అమ్మకానికి బిల్లు ఇవ్వడం జీఎస్టీ చట్టం ప్రకారం దుకాణదారు బాధ్యత. "జీరోలో తీస్కో" అన్నచోటు నుంచి లేచి వచ్చేయండి. డబ్బు చాలకపోతే ఇంకో రెండు నెలలు ఆగండి.