చేప పాతబడదు

విద్యార్థి సంఘం వారు ఈ సంచికకు అమెరికా విశేషాలేవైనా రాయమన్నారు. అమెరికా విశేషాలు చెప్పి జనాన్ని అబ్బురపరిచే రోజులు ఎప్పుడో పోయాయి. మన కాలేజీలో ఏ క్లాసు తీసుకున్నా అక్కడ అన్నో అక్కో, కనీసం మేనమామ కొడుకో లేని కుర్రవాడు అరుదు. అంచేత నయాగరా జోలికీ, న్యూయార్కు మేడల జోలికీ పోను. ఒక్క చేపల తొట్టి సంగతి చెబుతాను. 27 ఏళ్ల తేడాలో దాన్ని రెండుసార్లు చూశాను. ఈ మధ్యకాలంలో దాన్ని పాతదనం నుంచి ఎలా బయటపడేశారో గమనించాక, జువాలజీ పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి గనుక, ఆ సంగతి మన డిపార్టుమెంటుకి కూడా పనికొస్తుందనిపించింది.

తొట్టి అన్నాను గాని, అది మా వూరి చెరువుని గుర్తుకు తెచ్చే తొట్టి! ఫ్లోరిడాలో ఆర్లాండో నగరం దగ్గర డిస్నీ వారి వినోద నగరం వుంది గదా, అందులో ఎప్‌కాట్ అనే భాగాన్ని 1982 అక్టోబరు 1న తెరిచారు. పక్కనున్న భాగంలో కోటలూ, రాకుమార్తెలూ, చేతులూపే ఎలుకా వుంటే, ఇక్కడ మాత్రం విజ్ఞానం, రేపటి ప్రపంచం, దేశదేశాల విశేషాలు. ఇందులోనే 1986 జనవరి 15న ‘ది లివింగ్ సీస్’ అనే సముద్ర మందిరం వెలిసింది. దాని మధ్యనున్న గుండ్రటి తొట్టి వ్యాసం 203 అడుగులు, లోతు 27 అడుగులు. పట్టే ఉప్పునీళ్లు 57 లక్షల గ్యాలన్లు, అంటే మన లెక్కలో 2 కోట్ల 15 లక్షల లీటర్లు. కట్టిననాటికి అంత పెద్ద ఉప్పునీటి అక్వేరియం ప్రపంచంలో మరొకటి లేదు. 2005లో అట్లాంటాలో జార్జియా అక్వేరియం వచ్చేదాకా ఆ ఘనత దానిదే.

నేను మొదటిసారి చూసింది 1988లో. శిక్షణ కోసం వెళ్లి, జేబులో డాలర్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని టిక్కెట్టు కొన్నాను. ముందుగా ఒక గదిలో నిలబెట్టి సముద్రాలు ఎలా పుట్టాయో చెప్పే చిన్న సినిమా చూపించారు. తర్వాత ‘హైడ్రోలేటర్’ అనే లిఫ్టులోకి ఎక్కించారు. తలుపులు మూసుకున్నాయి, కాళ్లకింద నేల అదిరింది, గోడల అవతల రాళ్లూ బుడగలూ పైకి పోసాగాయి. సముద్రగర్భానికి దిగిపోతున్నామని నా పక్కనున్న పెద్దావిడ భర్త చెయ్యి పట్టుకుంది. నిజానికి ఆ లిఫ్టు ఎక్కడికీ దిగదు! గోడ కదులుతుంది, మనం కదిలామనుకుంటాం. అవతలి తలుపు తెరుచుకుంటే, చిన్న బళ్లలో కూర్చోబెట్టి తొట్టిలోని గాజులాంటి సొరంగం గుండా తీసుకుపోయి ‘సీ బేస్ ఆల్ఫా’లో దించారు. సముద్రం అడుగున మనుషులు కాపురమున్న పరిశోధనాలయం అని దాని భావన. లోతు నీళ్లలోకి వేసుకుపోయే లోహపు దుస్తులు, డైవర్లు నీళ్లలోకి దిగేందుకు నిలువు గొట్టం లాంటి గది, కిటికీల అవతల సొరచేపలు, తిరిండి చేపలు. ఎవరూ మనల్ని పసిపిల్లల్లా చూడలేదు. ‘నువ్వూ ఒక పరిశోధకుడివే, రా’ అన్నట్టుగా వుంది. అప్పుడే ఉద్యోగంలో కుదురుకుంటున్న లెక్చరర్‌కి అంతకంటే ఏం కావాలి?

అలాంటిది పదేళ్లకే ఎందుకు వెలవెలబోయింది? ఖర్చు భరిస్తున్న యునైటెడ్ టెక్నాలజీస్ కంపెనీ 1998లో తప్పుకుంది. అది పైకి కనిపించే కారణం. లోపలి కారణం మరొకటి వుందని నా అభిప్రాయం. సముద్రం అడుగున మనుషులు ఇళ్లు కట్టుకుంటారన్నది 1960ల నాటి కల. 1962లో కుస్తో బృందం మధ్యధరా సముద్రంలో కాన్‌షెల్ఫ్ ప్రయోగం చేసింది, 1964లో అమెరికా నౌకాదళం సీల్యాబ్ మొదలుపెట్టింది. రేపోమాపో అందరం చేపల పొరుగున వుంటామనుకున్నారు. ఆ రేపు రాలేదు. రాని రేపటిని ఏళ్ల తరబడి ప్రదర్శిస్తే చూసేవాడికి అది నిన్నలాగే కనిపిస్తుంది. ‘కొత్త ఒక వింత, పాత ఒక రోత’ అని మనవాళ్లు వూరికే అనలేదు. కాకపోతే ఇక్కడ ఏది రోతయిందో చూడాలి. సినిమా పాతబడింది. లిఫ్టు గుట్టు అందరికీ తెలిసిపోయింది. కిటికీ అవతల సొరచేప మాత్రం 1986లో ఎలా తిరిగిందో అలాగే తిరుగుతోంది. చేప పాతబడలేదు. చేపని గురించి మనం చెప్పిన మాట పాతబడింది.

సరే, బాగుచెయ్యాలి. ఎలా? హోటలయితే నాలుగు నెలలు మూసి, గోడలు పడగొట్టి, రంగులేసి తెరవచ్చు. ప్రాణులున్న నీటిని అలా ఒలకబోయలేం. చేపలు విసర్జించే అమ్మోనియా వాటికే విషం. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం అంతకన్నా తక్కువ హానిచేసే నైట్రేట్‌గా మారుస్తాయి. కంటికి కనపడని ఈ పాకీపని వారాల తరబడి స్థిరపడితే గాని తొట్టి తొట్టి కాదు. వడపోత గదుల్లో, ఇసుకలో, రాళ్ల మీద ఆ సూక్ష్మజీవులు కాపురం పెట్టుకుని వుంటాయి. వాటిని కదిలిస్తే పై అంతస్తు చేపలకి ముప్పు. అంచేత పెద్ద అక్వేరియాన్ని ఆధునికం చెయ్యాలంటే ముందు ఒప్పుకోవలసిన షరతు, నీళ్ల జోలికి పోకూడదు. మార్చగలిగింది నీళ్ల చుట్టూ వున్నదాన్ని.

వాళ్లు అదే చేశారు. 2003లో ‘ఫైండింగ్ నీమో’ అనే కార్టూన్ సినిమా వచ్చి ప్రపంచాన్ని ఊపింది. తప్పిపోయిన కొడుకుని వెతుక్కుంటూ సముద్రమంతా ఈదే తండ్రి చేప కథ. 2004లో ఆ సినిమాలోని తాబేలు క్రష్‌ని ఒక చిన్న హాల్లో తెరమీదికి తెచ్చారు. అది పిల్లల్ని పలకరిస్తుంది, అడిగిన ప్రశ్నకి అప్పటికప్పుడే జవాబు చెబుతుంది. తెరవెనుక మనిషి మాట్లాడుతుంటే తెరమీద బొమ్మ ఆ మాటకి తగ్గట్టు కదులుతుంది. మన తోలుబొమ్మలాటకి కంప్యూటరు తొడిగారన్నమాట! తర్వాత పాత సినిమా, లిఫ్టులు తీసేసి, ఆల్చిప్పల ఆకారంలో బళ్లు పెట్టి, 2007 జనవరిలో ‘ది సీస్ విత్ నీమో అండ్ ఫ్రెండ్స్’ అని కొత్త పేరుతో లాంఛనంగా ప్రారంభించారు. ఆల్చిప్ప చివరి మలుపు తిరిగేసరికి అసలు తొట్టి ఎదురవుతుంది. నిజం చేపల మధ్య వెలుగుతో వేసిన నీమో బృందం ఈదుతూ కనిపిస్తుంది.

2015లో దాన్ని చూపించింది మా అమ్మాయి. ఆరేళ్ల మనవరాలు మా ఇద్దరి మధ్యన కూర్చుంది. ఆ చివరి దృశ్యం చూసి నాలోని మాస్టారు ఊరుకోలేదు. ‘ఇది కరీబియన్ సముద్రపు చేపల తొట్టి. నీమో జాతి క్లౌన్ చేపలు హిందూ, పసిఫిక్ మహాసముద్రాలవి. ఈ నీళ్లలో వాటికేం పని?’ అన్నాను. ‘నాన్నా, వీసా తీసుకుని వచ్చుంటాయిలే’ అంది మా అమ్మాయి. ముందు వరసలో వాళ్లెవరో మన తెలుగువాళ్లే కాబోలు, వెనక్కి తిరిగి నవ్వారు.

బండి దిగాక దానికీ నాకూ చిన్న వాదన జరిగింది. సైన్సుని కార్టూనుకి తాకట్టు పెట్టారని నేను. పిల్లలు రాని సైన్సు ఎవరికోసమని అది. 1988లో నేను చూసిన చోట విజ్ఞానం గౌరవంగా నిలబడి వుంది, అయితే వినేవాళ్లు తగ్గిపోయారు. ఇప్పుడు జనం కిటకిటలాడుతున్నారు, అయితే చూస్తున్నది చేపనా, బొమ్మనా? తీర్పు చెప్పాల్సింది మేమిద్దరం కాదు, మా మధ్యనున్న మూడో మనిషి. అంచేత దాని వెనకే నడిచాను.

క్లౌన్ చేపల చిన్న తొట్టి దగ్గర అది ఆగిపోయింది. ‘తాతయ్యా, నీమో వాళ్లమ్మ ఏది?’ అంది. సినిమా మొదట్లోనే తల్లి చచ్చిపోతుంది గదా, ఆ బాధ దాని మనసులో వుండిపోయింది. నేను అసలు సంగతి చెప్పాను. ఒక సీ ఎనిమోన్‌ని ఆశ్రయించుకుని వుండే క్లౌన్ చేపల గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడది. దాని తర్వాతది మగది. మిగతావి ఇంకా పిల్లలు కననివి. ఆడది చచ్చిపోతే ఆ మగదే ఆడదిగా మారిపోతుంది, పిల్లవాటిల్లో పెద్దది మగదవుతుంది. ‘అయితే నీమో నాన్నే అమ్మయిపోతాడా?’ అని అది కళ్లు పెద్దవి చేసింది. తరవాత ముక్కు అద్దానికి ఆనించి, ఏది పెద్దదో ఏది చిన్నదో కొలవసాగింది. వాళ్లమ్మ పిలిచినా కదల్లేదు. అక్కణ్ణించి మేనటీ అనే నీటియావు దగ్గరికి పోయి, అది ఆకుకూర తినే తీరు చూస్తూ నిలబడిపోయింది. అక్కడ ఏ కార్టూనూ లేదు. అయినా నిలబడింది. వాదనలో ఎవరు నెగ్గారో నేనూ అడగలేదు, మా అమ్మాయీ అడగలేదు.

అయితే పోయిందేమీ లేదని నేననను. సముద్రాన్ని పరిశోధించేవాళ్లు వున్నారనీ, అదొక వృత్తి అనీ పాత మందిరం చెప్పినంత గట్టిగా కొత్తది చెప్పదు. పైగా బొమ్మ దానంతటదే మనిషిని చేప దాకా తీసుకుపోతుందనుకోవటం కూడా పొరపాటే. 2016లో ‘ఫైండింగ్ డోరీ’ వచ్చినప్పుడు జనం ఎగబడి ఆ నీలం చేపల్ని కొనేస్తారని భయపడ్డారు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుల బృందం లెక్కలు తీసి 2019లో ప్రకటించింది. ఆ చేప గురించి ఇంటర్నెట్‌లో వెతికినవాళ్లు పెరిగారట, కొనుగోళ్లు పెరిగాయనటానికి మాత్రం ఆధారం దొరకలేదట. అంటే సినిమా కుతూహలాన్ని రేపుతుంది, అంతవరకే. ఆ కుతూహలం లేచిన క్షణాన ఎదురుగా నిజం చేప వుండాలి, పక్కన చెప్పేవాడొకడు వుండాలి. ఎప్‌కాట్ వారు గుమ్మాన్ని మార్చినా, గుమ్మం దాటాక చేపని వుంచారు. వారు చేసినదాంట్లో నాకు నచ్చింది ఇదే.

ఇప్పుడు మనింటికి వద్దాం. మన జువాలజీ మ్యూజియం మీద రెండు పక్షాలున్నాయని విన్నాను. బూజు పట్టిన సీసాలు తీసేసి గోడంత తెర పెడదామని ఒక పక్షం. ఒక్క సీసా కదిపినా ఒప్పుకోమని రెండో పక్షం. ఇద్దరికీ నాదొక మనవి. ఆ సీసాల్లో చాలావాటి చీటీల మీద వూరి పేరూ, తేదీ, పట్టుకొచ్చిన విద్యార్థి పేరూ వున్నాయి. ఫలానా వాగులో ఫలానా ఏట ఫలానా చేప వుండేదనటానికి అంతకు మించిన సాక్ష్యం ఏముంది? ఆ వాగుల్లో కొన్ని ఇవాళ మురుగుకాలవలు. తెరమీద ఎంత అందమైన తిమింగలాన్ని చూపించినా ఆ సాక్ష్యం చెప్పలేదు. అలాగని తాళం వేసిన బీరువాలో వున్న సాక్ష్యమూ ఎవరికీ పనికిరాదు. తెర పెట్టండి, తప్పులేదు. చీటీలు తెలుగులో కూడా రాయండి. హైస్కూలు పిల్లల్ని నెలకొకసారి పిలవండి, వాళ్లకి మీరే చెప్పండి.

అన్నిటికంటే ముందు గుమ్మంలో ఒక బతికివున్న తొట్టి పెట్టండి. ఖరీదైన రంగు చేపలక్కర్లేదు. మన కొరమీను చాలు. అది మాటిమాటికీ పైకొచ్చి గాలి ఎందుకు మింగిపోతుందో, తన గుడ్లనీ పిల్లలనీ ఎలా కాపలా కాస్తుందో చెబితే, నీమో తండ్రి కథ విన్న ఏ పిల్లయినా అక్కడ ఆగకుండా పోదు. తొట్టి, మోటారు, వడపోత ఖర్చు నేను పెట్టుకుంటాను. కొరమీను నీళ్లలోంచి ఎగిరి పడుతుంది గనుక మూత మాత్రం గట్టిది చేయించండి. వారానికోసారి కొంత నీరు తీసి కొత్త నీరు పోసే వంతులు సెకండియర్ వాళ్లు వేసుకోవాలి. సెలవుల్లో ఎవరు చూస్తారన్నది ముందే తేల్చుకుని నాకు కబురు చెయ్యండి.