తెలీని బహుమానం

మా సింహాద్రిపురంలో లా చదవకముందే సెక్షన్లు వచ్చు. మోసం చేసినోడు 'ఫోర్ ట్వంటీ గాడు'. యాడైనా కొట్లాట పెద్దదైతే, 'మూడొందల ఏడు పెట్టినారంట' అని అరుగుల మీద చెప్పుకునేవాళ్లు. 2016లో ఐదేళ్ల లా కోర్సులో చేరడానికి తిరుపతి బస్సెక్కినప్పుడు, సగం చదువు ఊళ్లోనే అయిపోయిందన్న ధీమా నాది.

ఆ ధీమా మొదటి వారంలోనే పోయింది. కాంట్రాక్ట్స్ క్లాసులో 'కన్సిడరేషన్' అన్నారు. ఇంటర్ దాకా తెలుగు మీడియం నాది. పక్కన 'ఆలోచించడం' అని రాసుకున్నా. అది ప్రతిఫలం అని తెలిసేసరికి నెల గడిచింది. చెయ్యెత్తి అడగాలంటే సిగ్గు.

హాస్టల్లో జమ్మలమడుగు నుంచి వచ్చిన ఒక సీనియర్ అక్క ఉండేది. ఒకరోజు రాత్రి నా పుస్తకం తిరగేసి, "ఏం మే, ప్రతి లైనూ పెన్సిల్‌తో గీసినావు. ఏందన్నా అర్థమైందా?" అంది. ఏడుపొచ్చింది. ఆమె పుస్తకం మూసేసి ఒక కథ చెప్పింది.

గౌరీ దత్ అనే ఆయన మేనల్లుడు ఇల్లు వదిలి పారిపోయినాడు. ఆయన దగ్గర లాల్మన్ శుక్లా అని ఒక గుమాస్తా. పిల్లోణ్ని వెతకమని అతన్ని హరిద్వార్ పంపినారు. అతను పోయినాక, పట్టిచ్చినవాళ్లకు 501 రూపాయలు ఇస్తామని ఇక్కడ కరపత్రాలు వేసినారు. ఆ సంగతి తెలియకుండానే లాల్మన్ పిల్లోణ్ని రిషికేశ్‌లో పట్టుకున్నాడు. తర్వాత తెలిసి డబ్బు అడిగితే ఇవ్వలేదు. 1913లో అలహాబాద్ హైకోర్టు కూడా లేదనే చెప్పింది. తెలియని ప్రతిపాదనకు ఒప్పుకోవడమనేది ఉండదు కాబట్టి, అక్కడ ఒప్పందమే లేదు. పైగా వెతకడం అతని ఉద్యోగంలో భాగమే.

"అన్యాయం కదక్కా?"

"అట్లే అనిపిస్తాది. ముందు ఆ అనిపించింది రాసుకో. ఏం జరిగింది, కోర్టు ముందున్న ప్రశ్నేంది, ఏం తేల్చినారు, ఎందుకు తేల్చినారు, ఈ నాలుగూ దాని కింద రాయి. కేసు చదవడమంటే ఇంతే."

ఆ రాత్రి నేర్చుకున్న పద్ధతితోనే ఐదేళ్లూ గడిపినా. కాకపోతే, ఆ కేసు నాకు ఇంకో రకంగా కూడా గుర్తుండిపోయింది. మా హాస్టల్లో అందరం లాల్మన్‌లమే. పని చేస్తాం, బహుమానం ఉందని తెలియదు. జాతీయ లా యూనివర్సిటీలకు 2008 నుంచి క్లాట్ అనే ఉమ్మడి పరీక్ష ఉందని నాకు లాసెట్ రాసినాక తెలిసింది. ఇంటర్న్‌షిప్ కోసం మనమే ఉత్తరం రాసుకోవాలని మూడో ఏడు తెలిసింది. గైడు కన్నా ముందు బేర్ యాక్ట్ చదవాలని ఆ అక్క చెప్పేదాకా తెలియనే లేదు. వకీళ్ల ఇళ్లలో పిల్లలకు ఇవన్నీ అన్నం తినేటప్పుడే తెలిసిపోతాయి. షమ్నాద్ బషీర్ 2010లో ఐడియా అనే సంస్థ పెట్టి, పేద పిల్లల్ని క్లాట్‌కు తయారు చేయడం ఎందుకు మొదలుపెట్టాడో తర్వాత చదివితే బాగా అర్థమైంది. ఆ కరపత్రం అందరి చేతికీ అందాల.

అందుకే 2024 దసరా సెలవుల్లో, మా వీధి అమ్మాయి మూడేళ్ల ఎల్.ఎల్.బి.లో చేరబోతున్నానని ఇంటికొస్తే నాకు పండగైంది. అప్పటికి నేను పులివెందుల కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నా. రెండు గంటలు సలహాలిచ్చి, అక్క దగ్గర్నుంచి నాకొచ్చిన నోట్సు, దానికి నేను కలిపింది, అంతా ఒక సంచిలో పెట్టి ఇచ్చినా.

కొన్నాళ్లకు ఫోను. "అక్కా, నీ నోట్సు చూసి హత్యకు 302 అని రాసినా. సారు కొట్టేసినాడు. 103 అంట."

నోట మాట రాలేదు. 2024 జూలై 1 నుంచి 1860 నాటి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చిన సంగతి నాకు తెలియక కాదు. రోజూ కోర్టులో వింటున్నదే. కానీ నోట్సంటే అక్క ఇచ్చినట్టు ఇవ్వడమే అనుకున్నా. ఒక్కసారి తిప్పి చూసుకోలేదు. నేను ఇచ్చిన కరపత్రంలో బహుమానమే తప్పు.

"నోట్సు పారెయ్యి" అన్నా, సిగ్గుతో.

"ఎందుకక్కా? జూలై 1కి ముందు జరిగిన నేరాలు పాత చట్టం కిందనే కదా నడిచేది? నీ నోట్సూ కావాల, కొత్తదీ కావాల."

సంక్రాంతికి ఆ అమ్మాయి ఒక పట్టిక తెచ్చింది. ఎడమవైపు పాతది, కుడివైపు కొత్తది. 307కి 109. 420కి 318. 498ఏకి 85. 511 సెక్షన్లు 358 అయినాయి. అంకె పాతదే ఉండి అర్థం మారిన చోట ఎర్ర సిరా. కొత్త సంహితలో 302 అంటే మత మనోభావాలు గాయపరిచే మాటలు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో కేసు కొట్టేయమని హైకోర్టును అడిగేది 482 కింద. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 482 అంటే ముందస్తు బెయిలు. ఇది చూసి గతుక్కుమన్నా. ముందటి వారమే ఒక కాగితం మీద ఆ రెండింటినీ తారుమారు చేసి, టైపింగ్‌కు పోయే ముందు దిద్దుకున్నా.

"ఇది నాకొక కాపీ ఇస్తావా?" అని అడిగినా. అడగడానికి ఈసారి సిగ్గు అనిపించలేదు.

సీనియర్లంటే అన్నీ తెలిసినోళ్లని ఇన్నాళ్లూ అనుకున్నా. ఆ జమ్మలమడుగు అక్కకు మాత్రం ఏం తెలుసు? నాకన్నా రెండేళ్ల ముందు అదే పేజీ దగ్గర ఆగిపోయింది, అంతే. ఎక్కడ ఆగిపోతామో తెలిసిన మనిషి పక్కన కూర్చోవడమే సాయం.

ఆ పట్టిక ఇప్పుడు నా ఫైలు అట్ట లోపలివైపు అతికించి ఉంది. పైన ఆ అమ్మాయి చేతిరాతతో రెండు లైన్లు: '2025 జనవరి నాటికి సరి. తప్పులుంటే చెప్పండి.' మా నోట్సు మీద మేమెప్పుడూ రాయని మాటలు అవి.