చంటిబిడ్డతో అలంపుర యాత్ర



నల్లగొండనుండి అలంపురమునకు కారులో నెంతసేపు పట్టునని యెవరి నడిగినను ఒక పూట చాలునందురు. మాకు నాలుగు దినములు పట్టినది. దారిలో బండి చెడలేదు, ఎవరికిని జబ్బు చేయలేదు. అట్లు మెల్లగా పోవలెననియే నెల దినములు ముందుగా కూర్చుండి యేర్పాటు చేసికొంటిమి. చంటిబిడ్డ గల యింట ప్రయాణము మాట యెత్తగనే "బిడ్డ నడక నేర్చిన పిదప చూతము" అని ఊరకుండు సోదరీమణులు పెక్కుమంది గలరు. వారి కొరకు ఈ నాలుగు మాటలు.

మొదట నా తప్పు చెప్పుకొందును. మా పాపకు రెండవ నెల నిండుచుండగా వైశాఖమాసమున బంధువుల పెండ్లికి హైదరాబాదు పోయితిమి. ముహూర్తము తప్పునేమో యను తొందరలో దారిలో నెచ్చటను బండి నిలుపనీయనైతిని. పాప యేడ్చి యేడ్చి ఊరకుండెను, నిద్రపోయినదనుకొంటిని. పెండ్లివారింట దించునప్పటికి పెదవు లెండి, కన్నులు లోతుకు పోయి, పాలు కుడుచుటకును ఓపిక లేక యుండెను. ఆ రాత్రి చిట్టిచేతికి సూది గ్రుచ్చి సీసా వ్రేలాడగట్టిరి. తెల్లవారువరకు ఆ సీసాలోని బొట్లు లెక్కపెట్టుచు కూర్చుంటిని. ఆ తరువాత ఎనిమిది నెలలు మేము ఊరు దాటలేదు.

నాకు మరల ధైర్యము చెప్పినది అమెరికాలో నున్న మా పినతల్లి కూతురు. ఆమె యేడాది నిండని బిడ్డతో వారము దినములు కారులో తిరిగి వచ్చినదట. దినమునకు మూడు గంటలకు మించి నడుపలేదట. బిడ్డ నిద్రించునప్పుడే బండి నడపుట, బిడ్డ మేల్కొన్నప్పుడు నిలుపుట, ఇదియే ఆమె పంచాంగము. అది చదివి మావారు సంక్రాంతి సెలవులలో అలంపురము పోదమనిరి. బడిపంతులుగారికి అంతకంటె పెద్ద సెలవు వేసవిలో గలదు గాని, మా దేశపు వేసవిలో చంటిబిడ్డను బయటికి తీయుట యెట్టిదో నేనెరుగుదును గదా!

ఇంతలో మా అత్తగారు నెమ్మదిగా వచ్చి, "నన్ను గూడ తోల్కపోతవా బిడ్డా?" అని యడిగిరి. ఆమె మర్రిగూడ ప్రాంతపు ఆడపడుచు. ఆ నేలలోని రాతినుండి బావినీటిలోనికి దిగిన ఫ్లోరైడు ఆమె పుట్టినింట త్రాగిన నీటివెంట ఎముకలలో చేరి, నడుము వంగనీయదు, మోకాళ్ళు ముడువనీయదు. పది అడుగులు వేసి నిలబడుదురు. నలువదియేండ్లుగా కాపురము చేయుచు జిల్లా సరిహద్దు దాటి యెరుగరు. నడువరాని బిడ్డ యొకతె, నడువలేని పెద్దావిడ యొకరు. ఇక తొందర యెవరికి? మెల్లగా పోవలె నన్నది అప్పుడే నిశ్చయమైనది.

అందుచేత మా యేర్పాటులలో పెద్దది నీరు. ఈ సంగతి సోదరీమణులు గమనింపవలెను. నీరు కాచినచో క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియై తగ్గినకొలది మిగిలిన దానిలో నది మరింత చిక్కబడును. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పటికయు సున్నమును కలిపి ఆ దోషమును దించు పద్ధతి యొకటి గలదు. నాగపురములోని శాస్త్రజ్ఞులు కనిపెట్టిన ఆ పద్ధతికి "నల్లగొండ పద్ధతి" యని ప్రపంచమంతటను పేరు. మా యూరిపేరు పరదేశపు గ్రంథముల కెక్కిన విధ మిది! 2016 లో మొదలైన మిషన్ భగీరథ పిదప కృష్ణనీరు గొట్టములలో పల్లెలకు వచ్చుచున్నది. కావున ఎచ్చట నాగినను మావారి మొదటి ప్రశ్న: "ఇది బోరు నీరా, కృష్ణ నీరా?" బోరు నీరన్నచో మా యింటినుండి కాచి చల్లార్చి తెచ్చిన స్టీలు క్యానే మాకు శరణ్యము. ఆరు నెలలు నిండని బిడ్డకైతే ఈ చింతయే లేదు. తల్లిపాలు తప్ప మంచినీ రొక చుక్కయు నక్కరలేదని వైద్యులు చెప్పుదురు.

రెండవది బిడ్డ కుర్చీ. దీనికి మా యింట చిన్న యుద్ధమే జరిగినది. "ఒడి కంటె కుర్చీ యెక్కువనా?" అని అత్తగారు. గంటకు నలువది కిలోమీటరుల వేగమున పోవు బండి యేదైన తగిలి యొక్కసారిగా నాగినచో, ఎనిమిది కిలోల బిడ్డ ఎన్నో రెట్ల బరువై ముందునకు విసరబడును. ఏ తల్లి చేతులును ఆపలేవు. మావారు బల్లపై నీళ్ళ సీసా నుంచి బల్లను చటుక్కున లాగి చూపిన పిదప ఆమె మరి మాటాడలేదు. వెనుకసీటులో, బిడ్డ ముఖము బండి వెనుకవైపునకు ఉండునట్లు కుర్చీని బిగించితిమి. 2019 లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము పదునాలుగేండ్లలోపు పిల్లలను కట్టుబాటు లేక కూర్చుండబెట్టినచో వెయ్యి రూపాయల జుల్మానా గలదు. అయినను ఆ కుర్చీలో బిడ్డను గంటలకొలది వదలరాదు. మెడ ముందునకు వాలినచో ఊపిరికి కష్టము. మేము గంటన్నర కొకసారి ఆగి, పాపను దింపి, చాపమీద దొర్లనిచ్చితిమి.

సామాను సంగతి త్వరగా ముగింతును. పాత చీరలు నాలుగు, పెసరపప్పును బియ్యమును వేయించి విసరిన పిండి, రాగిపిండి, చిన్న గ్యాసు పొయ్యి, జ్వరము చూచు గొట్టము, ఓఆర్ఎస్ పొట్లములు. బొమ్మ లొకటియు తీసికొనలేదు. దారిపొడవునను పాపకు గరిటెయే బొమ్మ.

మొదటిదినము దేవరకొండ. ఏడు కొండల నడుమ రేచర్ల పద్మనాయకులు కట్టిన కోట అది. ఆ వంశమువారి రాచకొండలోనే సర్వజ్ఞ సింగభూపాలుడు రసార్ణవసుధాకరము రచించెను. చిన్నతనమున మా నాయనగారు ఆ గ్రంథము చెప్పుచుండగా, ఆ రాజు మా దేశమువాడే యని నాకు తోచనేలేదు. కోట యెక్కలేదు. క్రింద చింతచెట్టు కొమ్మకు చీర ఉయ్యాల కట్టి, అత్తగారు ఊపుచుండగా నేను బురుజులు లెక్కించితిని.

రెండవదినము కల్వకుర్తి, జడ్చర్లల మీదుగా మహబూబునగరము. బసచేసిన యింట వేడినీళ్ళకు గంటసేపు కేకలు వేయవలసివచ్చెను. గ్యాసు పొయ్యి తెచ్చితిమి గనుక బ్రతికితిమి. మూడవదినమంతయు అచ్చటనే నిలిచి పిల్లలమర్రి చూచితిమి. ఏడువందల యేండ్ల చెట్టందురు. మూడెకరములకు మించి యూడలు దిగియున్నవి. తల్లి మ్రానేదో పిల్ల మ్రానేదో తెలియదు. 2017 డిసెంబరులో చెదలు తిని యొక పెద్దకొమ్మ కూలినప్పుడు, మరుసటి యేడు అటవీశాఖవారు కొమ్మలకు సీసాలు వ్రేలాడగట్టి, రోగికి వలెనే బొట్టుబొట్టుగా మందెక్కించిరి. ఈ మాట అచ్చట నొకరు చెప్పుచుండగా నేను పాపచేతిని పట్టుకొని నిలిచితిని. అత్తగారు అలవాటు చొప్పున ఉయ్యాల చీర తీసిరి గాని, కాపు కాచుచున్న చెట్టునకు బరువు కట్టరాదని మానితిమి.

నాలుగవదినము తెల్లవారి బయలుదేరి బీచుపల్లి చేరితిమి. అచ్చట కృష్ణయొడ్డున ఆంజనేయస్వామి; 2016 పుష్కరములకు కట్టిన మెట్లు. అత్తగారు మెట్లు దిగలేరు. మావారు చెంబుతో నీరు తెచ్చి ఆమె పాదములపై పోసిరి. ఆమె చాలసేపు నది వంక చూచి, "ఈ నీళ్ళేనా ఇప్పుడు మా ఊళ్ళె నల్లాల వస్తున్నయి?" అనిరి. "ఈ నదివేనమ్మా, దిగువ సాగరం కాడ తీస్తరు" అని కొడుకు చెప్పెను. ఆమె మరి మాటాడక, తడిచేతిని పాప మోకాళ్ళపై రాచిరి.

అచ్చటికి కొంతదూరమున ఎర్రవల్లి చౌరస్తావద్ద మావారు "గద్వాల వైపు త్రిప్పుదునా?" యని యడిగిరి. నూలు చీరకు పట్టుచెంగును అంచును అల్లికతో కూర్చు ఆ నేర్పు చూడవలెనని నాకెన్నడో కోరిక. కాని పాప నిద్రవేళ. వద్దంటిని. ఈ త్యాగము విలువ మగవారికి తెలియదు.

అలంపురము తుంగభద్ర యొడ్డున, కృష్ణాసంగమమునకు దాపున నున్నది. 2016 జిల్లాల విభజనలో జోగులాంబ గద్వాల జిల్లాలో చేరినను మా అత్తగారికి అది పాలమూరు జిల్లాయే. ఏడవ శతాబ్దినుండి బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మాలయము లిచ్చట గలవు. పేరు బ్రహ్మలదైనను తొమ్మిదియు శివాలయములే. శిఖరములు మన గోపురములవలె గాక ఉత్తరదేశపు రీతిని పైకి ఒంపు తిరిగియుండును. శ్రీశైలము జలాశయమున మునిగిపోవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయిరాయిగా విప్పి తెచ్చి ఈ యూరనే నిలిపిరి. అష్టాదశ శక్తిపీఠములలో నొకటియైన జోగులాంబకు 2005 లో క్రొత్త గుడి యైనది. గోలకొండ కవుల సంచికలో మూడువందల యేబదినలుగురు కవులను చూపి, తెలంగాణమున కవులు లేరన్న మాటకు 1934 లో బదులిచ్చిన సురవరము ప్రతాపరెడ్డిగారును ఈ ప్రాంతమువారే.

బాలబ్రహ్మ గుడి ముంగిట నీడలో పాపకు బువ్వ తినిపించుచుండగా చెంచాకు టిక్కున నేదియో తగిలినది. అత్తగారు వేలితో చిగురు తడవి, "పన్ను వచ్చింది బిడ్డా!" అని కేకవేసిరి. పిమ్మట తన గారపట్టిన పండ్లను కొంగుతో కప్పుకొని, వెలుతురుకు పాప ముఖమును త్రిప్పి, ఆ బియ్యపుగింజను ఎంతసేపో చూచిరి.

మరునాడు ఏడు గంటలకు పాపకు రాగిజావ పట్టి, క్యానులు నింపుకొని, తిరుగుదారి పట్టితిమి.