గోధుమకోతలనాటి లిండ్స్‌బర్గు

విచిటా నగరమును విడిచి ఉత్తరాభిముఖముగా గంటకు పైగా ప్రయాణము చేసినను, కనుచూపుమేర కొండ గాని, అడవి గాని, చెప్పుకోదగిన చెట్లగుంపు గాని లేని ఆ మహామైదానమున మాకు అగపడినదెల్ల పండి తలలు వంచిన గోధుమచేలును, వానిలో దుమ్ము రేపుకొనుచు ఒకదాని వెంట ఒకటిగా సాగుచున్న కోతయంత్రములును మాత్రమే. జూను మాసపు మూడవ వారమగుటచే, కాన్సాస్ రాష్ట్రపు నడిమి జిల్లాలలో రైతునకు రాత్రింబవళ్ల భేదము లేని కాలమది. విచిటాలో విమానముల కర్మాగారమున ఇంజనీరుగా నున్న నా మేనల్లుడు కారు నడపుచు, "చేలు చూడ్డానికే అయితే మన ఊరికే వెళ్లేవాళ్లం కదా మామయ్యా!" అని నవ్వెను. ఒకటిన్నర శతాబ్దము క్రిందట స్వీడను దేశమునుండి వచ్చి, స్మోకీ హిల్ నదీలోయలో నాగలి పట్టినవారు కట్టుకొనిన లిండ్స్‌బర్గు పట్టణమును చూడవలెనని నాకు చిరకాలముగా కోరిక.

జనసంఖ్య నాలుగువేలకు లోపైన ఆ చిన్న పట్టణపు ప్రధానవీధిలో అడుగిడగానే యాత్రికుని పలుకరించునవి గుఱ్ఱములు. దుకాణము దుకాణము ముంగిటను నిలువెల్ల చిత్రవిచిత్రముగ రంగులు పూసిన గుఱ్ఱపుబొమ్మ యొకటి నిలిచియుండును. కిటికీలలో చిన్నవి, తలుపులపై పలకలుగా కోసినవి, కుండలమీద, కండువాలమీద, ఎచ్చట చూచినను అవియే. ఇవి స్వీడనునందలి దాలార్నా సీమలో కొయ్యతో చెక్కు ఆటబొమ్మల వంశమునకు చెందినవి. వీనిని చూచి ముచ్చటపడని వారుండరు గాని, ఈ పట్టణమును స్థాపించినవారిలో అధికసంఖ్యాకులు వచ్చినది దాలార్నానుండి కాదు, పడమటనున్న వేర్మ్‌లాండ్ సీమనుండి. ఈ బొమ్మకు దేశదేశాంతరములందు పేరు వచ్చినదో, 1939లో న్యూయార్కున జరిగిన ప్రపంచప్రదర్శనము తరువాత. రెండేండ్ల కొకమారు అక్టోబరునెలలో పూర్వుల స్మరణార్థము జరుపు ఉత్సవము సైతము 1941లో మొదలైనదే. దానికి తొలిసూచన చేసిన వైద్యుడు స్వీడిషు వంశీయుడే కాడు. తాతలు మాటలాడుకొనిన భాష మనుమల నోట తగ్గిపోవుచున్న కొలది, దాని స్థానమున బొమ్మలును, వేషములును, పిండివంటలును వచ్చి కూర్చుండుట ప్రవాసమున సహజము. ఆ విషయమున తెలుగువార మగు మనము ఇతరులను వేలెత్తి చూపగల స్థితిలో లేము.

కనుక బొమ్మల కంటె పాతదైనదానిని వెదకుటకు మేము పట్టణపుటంచున నున్న ధాన్యపుగాదెల కడకు పోతిమి. ఎలివేటరని ఇచ్చటివారు పిలుచు ఈ తెల్లని కాంక్రీటు స్తంభములు దేవాలయశిఖరము కంటె ముందుగా దూరమునుండి కానవచ్చును. గోధుమలు నింపిన లారీ వచ్చి తూనికపలకపై నిలుచును. పైనుండి ఏనుగు తొండము వంటి గొట్టమొకటి దిగి రాశిలో మునిగి, పిడికెళ్లకొలది గింజలను పీల్చి కచేరీగదిలోనికి పంపును. అందు తేమ నూటికి 13.5 పాళ్లకు మించినచో ధరలో కోత పడును. కొలతపాత్ర నిండుగింజ బుషెలుకు 60 పౌనుల లెక్కకు తూగినచో రైతు ముఖమున వెలుగు కనబడును. పరీక్ష ముగియగానే లారీ ముందుకు కదలి, ఇనుపజల్లెడపై ధాన్యమును కుమ్మరించును. భూగర్భముననున్న బొక్కెనల పట్టీ దానిని శిఖరమునకు చేదుకొని పోవును. తన వంతుకై వేచియున్న ఒక వృద్ధకృషీవలుడు చేతిలోని గింజలను నాలుగు నా దోసిట పోసి, నమలుమని సైగ చేసెను. కొంతసేపు నమలగా పిండి యంతయు కరిగిపోయి నోట బంకవలె సాగునది మిగిలినది. "అదే రొట్టెను పొంగించేది. యంత్రం చెప్పకముందే మా నాన్నకు నాలుక చెప్పేది," అని ఆతడనెను.

ఆ గింజకు ఒక కథ కలదు. 1867 మొదలు 1869 వరకు స్వీడనులో పంటలు పోయి క్షామము తాండవించినప్పుడు, ఓలోఫ్ ఓల్సన్ అను యువపాదిరి వేర్మ్‌లాండ్ రైతుకుటుంబములను వెంటబెట్టుకొని బయలుదేరెను. అంతకు మున్నే, 1868లో, షికాగోలోని స్వీడిషు వలసదారులు ఒక వ్యవసాయసంఘముగా ఏర్పడి ఈ లోయలో భూమిని సంపాదించియుండిరి. 1869లో ఇచ్చటికి చేరిన ఆ భక్తబృందమునకు ఇండ్లు కట్టుకొనుటకు కొయ్య లేకుండుటచే, ఏటిగట్లను త్రవ్వి గుహలలో కాపురములు పెట్టిరి. 1874లో మిడుతలదండు దిగి పచ్చని దానిని పచ్చగా ఉండనీయలేదు. సరిగా ఆ సంవత్సరమే, ఈ చుట్టుపట్టులకు రష్యా సామ్రాజ్యపు దక్షిణసీమలనుండి మెన్నొనైటులను మరియొక క్రైస్తవశాఖవారు వలస వచ్చి, శరత్కాలమున విత్తి, మంచుక్రింద నిద్రింపజేసి, వేసవి తొలినాళ్లలో కోయు ఎఱ్ఱ గోధుమను తెచ్చిరి. కాన్సాస్‌ను గోధుమల రాష్ట్రముగా చేసినది ఆ రష్యాగింజ. స్వీడిషు రైతు దానిని తనదిగా చేసికొని బ్రతికెను. ఇంతకు ముందు ఈ గడ్డిమైదానములలో ఎనుబోతులను వేటాడిన ఆదివాసుల మాట స్మారకఫలకములపై క్లుప్తముగా కానవచ్చును. రాష్ట్రమునకు తమ పేరునే ఇచ్చిన కాన్సా జాతివారిని 1873లో దక్షిణమునకు తరలించివేసిరి. ఒకరి క్షామము మరియొకరి భూమితో తీరినదను సంగతి ఆ ఫలకములు చెప్పవు.

ఓల్సన్ వెనుక వచ్చిన పాదిరి కార్ల్ స్వెన్సన్ 1881లో బెథనీ కళాశాలను స్థాపించెను. ఈ పట్టణమునకు నిజమైన కీర్తి దాని మూలముననే వచ్చినదని నా అభిప్రాయము. ఓల్సన్ ఒకమారు లండనులో హ్యాండెల్ విరచితమగు 'మెస్సయ్య' అను మహాగానమును విని పరవశుడై, దానిని తన వారిచే పాడింపవలెనని సంకల్పించుకొనెనట. 1882లో, మైదానమున పట్టణమింకను పట్టణము కాకమునుపే, నాగలి పట్టిన చేతులవారు కొందరు, వారి భార్యలు, కళాశాల విద్యార్థులు గాయకబృందముగా కూడిరి. వారికి స్వరములు నేర్పినది స్వెన్సన్ సతీమణి ఆల్మా. దూరపు పొలములనుండి బండ్లపై సాయంకాలము వచ్చి, పాడి, చీకటిలో ఇండ్లకు మరలిపోయిన ఆ మొదటి గాయకుల ప్రయత్నము నాటినుండి నేటివరకు, ఏటేట ఈస్టరు పండుగకు ముందు వారమున సాగుచునే యున్నది. కళాశాలలోని ప్రెస్సరు భవనమున ఆ గానము జరుగు వేదికను చూచితిమి. వెనుకకు మెట్లుమెట్లుగా లేచిన వరుసలలో వందలమంది నిలువగలరు. అచ్చట వాద్యములను సర్దుచున్న యువతిని అడుగగా, తాను పాడుచుండగా ప్రక్కవరుసలో తల్లియు, పై వరుసలో మేనమామయు పాడుదురని చెప్పెను. జర్మనీలో పుట్టి, లండనులో స్థిరపడిన స్వరకర్త రచింపగా, 1742లో డబ్లిను నగరమున తొలుత వినిపించిన కృతి యిది. స్వీడనుతో దీనికి జన్మసంబంధమేమియు లేదు. అయినను ఈ ఊరివారికి పరంపరగా దక్కిన సొత్తేదని నన్నడిగినచో, వీథిలోని గుఱ్ఱములను విడిచి, రష్యానుండి వచ్చిన ఆ గింజను, ఈ పాటను చూపుదును. ఏటేట విత్తనిది గింజ నిలువదు, ఏటేట నేర్వనిది పాట నిలువదు. ఈ రెండింటిని వీరు మానలేదు.

గోదావరి తీరపువాడనగుటచే నన్ను ఆల్మా స్వెన్సన్ పేరు మరియొక కారణమున ఆకర్షించినది. 1892లో స్వీడిషు లూథరను సభ లిండ్స్‌బర్గున సమావేశమైనప్పుడు, ఆల్మా గృహమున స్త్రీలు కొందరు కూడి, ఎమ్మీ ఎవాల్డ్ అధ్యక్షురాలుగా ఒక మహిళామిషనరీసంఘమును నెలకొల్పిరి. మన రాజమహేంద్రవరమున 1895 మొదలు పనిచేసిన షార్లెట్ స్వెన్సన్ ఆ లూథరను సభకు చెందినదే. ఆమె పేరిట బైబిలు శిక్షణాలయము నేటికిని ఆ నగరమున కలదు. చిన్ననాట ఆ పేరును గోడపై చదివి, ఎవరో దొరసాని యనుకొని ముందుకు నడచిపోయిన వారిలో నేనొకడను. గోధుమ అమ్మిన సొమ్ములోనుండి అణాపైసలవలె కూడబెట్టిన చందాలు, ఈ మైదానము దాటి, సముద్రములు దాటి, గోదావరిగట్టున బాలికల చదువునకు, రోగుల మందులకు చేరినవని తెలిసిన పిదప, ఆ ప్రధానవీథి నాకు పరాయిదిగ తోపలేదు. మతప్రచారమును గూర్చి ఎవరి యభిప్రాయము వారికుండవచ్చును. అక్షరము నేర్చిన స్త్రీలు మాత్రము మా ఊళ్లలో నేటికిని ఆ బడులను తలచుకొందురు.

ఇచ్చటి చిత్రశాలను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. బిర్గెర్ సాండ్జెన్ అను చిత్రకారుడు స్టాక్‌హోమున ఆండెర్స్ జోర్న్ కడ శిక్షణ పొంది, 1894లో బెథనీ కళాశాలకు వచ్చి, అర్ధశతాబ్దమునకు పైగా బోధించి, 1954లో ఇచ్చటనే దేహము చాలించెను. ఐరోపాలో పేరు గడింపదగిన వాడు ఈ మారుమూల ఎట్లు నిలిచెనని ఆశ్చర్యపడుచు లోపల ప్రవేశించితిని. ఆతని వర్ణములు పటముపై పూతగాక గారవలె లేచియుండును. ఏటిగట్టునందలి కాటన్‌వుడ్ చెట్టుమానునకు గులాబియు, దాని నీడకు ఊదాయు, నీటికి పసుపును వాడెను. నలుపు ఎచ్చటను లేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో అంతకు గడియ ముందే మేము దాటి వచ్చిన ఏరది. తన కొయ్యచ్చు చిత్రములను, రాతియచ్చు చిత్రములను సామాన్యులు కొనగల వెలకే ఇచ్చుటచే, చిన్న బడులందును, రైతుల యిండ్లయందును అవి నేటికిని వ్రేలాడుచున్నవట.

ఊరిలోని 1898 నాటి పిండిమరను పదిలపరచి ప్రదర్శనశాలగా చేసిరి; తోలుపట్టీలు, కొయ్యగొట్టములు, ఇనుపరోలర్లు అన్నియు తిరుగగల స్థితిలోనే ఉన్నవి గాని, వసంతమున ఒక్కదినము మాత్రమే నడపుదురు. దాని ప్రక్కనే 1904లో సెయింట్ లూయిస్ ప్రదర్శనమునకై స్వీడనునుండి వచ్చిన చక్కని కొయ్యమంటపమున్నది.

సాయంకాలము ఆ ఆవరణముననే గ్రీష్మమధ్యోత్సవము. ఆకులు పూవులు చుట్టిన నిలువుకొయ్యను పదిమంది భుజము పట్టి లేపి నాటిరి. ఎఱ్ఱ, నీలి, పసుపు చారల లంగాలు తొడిగిన స్త్రీలును, మోకాటివరకు బిగించిన చల్లడముల పురుషులును వలయముగా నిలిచిరి. మాకు తినుటకు పెట్టిన ఓస్ట్‌కాకా అను పాలవంటకము అచ్చముగా మన జున్ను. పైన పుల్లని ఎఱ్ఱపండ్ల పాకము. వాయులీనము మొదలు కాబోవుచుండగా వలయములో ఒక యువకుని జేబులోని ఫోను మ్రోగెను. "పదమూడుకు దిగిందా? వస్తున్నా," అని, వేషమైనను మార్చక, బూట్ల కట్టు విప్పుకొనుచు, లారీవైపు పరుగెత్తెను. ఎవరును ఆగ్రహింపలేదు, రాత్రికి మబ్బు పట్టవచ్చునని అందరికిని తెలియును. జంట లేక నిలిచిన వృద్ధురాలు మాత్రము నలుదిక్కులు కలయజూచి, జున్నుగిన్నె చేత పట్టుకొని నిలుచున్న నా మేనల్లుని మణికట్టు పట్టి వలయములోనికి లాగికొనిపోయెను. "మామయ్యా, ఇది పట్టుకోండి!" అని గిన్నెను నాకందించి, ఎడమకాలో కుడికాలో తెలియక, ఆతడు ఆమె వెంట తిరుగ నారంభించెను.