అన్నయ్య బండికి 200 కిలోలు

మన దగ్గర మట్టి తవ్వే బండి ఏ కంపెనీదైనా జేసీబీయే. అలాగే ఉన్నచోటే గిర్రున తిరిగే చిన్న లోడర్ ఏదైనా బాబ్‌క్యాటే. అసలు పేరు స్కిడ్ స్టీర్ లోడర్. గుంటూరు శివార్లలోని మా పేవర్ టైల్స్ యార్డులో అలాంటిదే ఒకటుంది. సెకండ్ హ్యాండ్‌ది. నడిపేది అన్నయ్య, లెక్కలు చూసేది నేను. డిప్లొమా మెకానికల్ చదివాను కదా, 'ఇంజినీరమ్మ' అన్న వెక్కిరింపు కూడా నాకే.

ఆ మధ్య ఇంట్లో వారం రోజులు ఒకటే గొడవ. బండి వెనక 200 కిలోల ఇనుము వెల్డింగ్ చేయించాలా, వద్దా?

అన్నయ్య బాధ అర్థమయ్యేదే. 60 మిల్లీమీటర్ల మందం టైల్స్ చదరపు మీటరుకి దాదాపు 144 కిలోలు తూగుతాయి. ప్యాలెట్ మీద ఐదు చదరపు మీటర్లు పేరిస్తే 720. మా బండి ఫోర్కులతో ఎత్తాల్సింది 600 అని పుస్తకంలో ఉంది. ఎత్తడానికైతే ఎత్తేస్తుంది. కానీ గుంతలో దిగినా, అన్నయ్య గబుక్కున ఆపినా వెనక చక్రాలు బెత్తెడు పైకి లేచేవి. ఎదురుగా టైల్స్ సర్దే కుర్రాళ్లు ఉంటారు. చూసినప్పుడల్లా నాకు గుండె ఝల్లుమనేది.

ఇదంతా పార్కులో సీ-సా లెక్కే. ముందు చక్రాలు నేలకి ఆనే చోటే దాని ఇరుసు. ముందు లోడు, వెనక ఇంజిను. వెనక చక్రాలు లేచిపోయేంత లోడుని టిప్పింగ్ లోడ్ అంటారు. చక్రాలతో నడిచే స్కిడ్ స్టీర్లకి సాధారణంగా అందులో సగాన్నే ఎత్తదగ్గ బరువుగా రాస్తారు. మిగతా సగం గుంతలకి, కుదుపులకి, సడన్ బ్రేకులకి వదిలిన జాగా అన్నమాట.

అన్నయ్య టేపు పట్టుకొచ్చి కొలిచాడు. ఇనుము తగిలించే చోటు ముందు చక్రాలకి మీటరున్నర వెనక. ప్యాలెట్ మధ్యభాగం మీటరుంబావు ముందు. అంటే వెనక 100 కిలోలు పెడితే టిప్పింగ్ లోడ్ 120 పెరుగుతుంది. అందులో సగం, 60, ఎత్తుకోవచ్చు. 200 పెడితే 120.

"ఆరొందలూ నూటిరవై... సరిగ్గా 720! చూశావా ఇంజినీరమ్మా?"

గుణకారం తప్పని అనలేను. చెక్క ప్యాలెట్ బరువు ఓ పాతిక కిలోలు వదిలేశాడంతే. నా భయం వేరే. వెనక బరువు కడితే బండి ముందుకి తూలడం తగ్గుతుంది గానీ, బండి గట్టిపడదు కదా! ముందు టైర్లు అవే, బేరింగులు అవే, లిఫ్ట్ ఆర్మ్ పిన్నులు అవే. లోడెక్కేకొద్దీ బరువంతా వచ్చి పడేది ముందు ఇరుసు మీదే. ఇన్నాళ్లూ ఎక్కువైతే వెనక చక్రం లేచి చెప్పేది. 200 కిలోలు కట్టేస్తే దాని నోరు నొక్కేసినట్టే. ఆ తర్వాత చెప్పేది విరిగిన పిన్నే.

వెల్డింగ్ బాబాయ్ పాత రైలు పట్టా ముక్కలు అతికిస్తానన్నాడు. "వెనక తలుపుకి అడ్డమైతే ఇంజిన్ ఆయిల్ ఎలా చూస్తాం బాబాయ్?" అంటే తల గోక్కున్నాడు.

ఈ బండి పుట్టుకే గమ్మత్తు. 1957లో అమెరికాలోని మిన్నెసోటాలో కెల్లర్ అన్నదమ్ములు దీని మొదటి రూపాన్ని తయారుచేశారు. ఒక రైతు టర్కీ కోళ్ల షెడ్డులో పెంట ఎత్తడానికి. స్తంభాల మధ్య తిరగాలి, పై అంతస్తు నేల కూడా మోయగలగాలి. అంటే తేలికగా ఉండటమే దాని గొప్ప. మనమేమో బరువెలా పెంచాలా అని కొట్టుకుంటున్నాం.

పైగా దీనికి స్టీరింగ్ ఉండదు. ఒక పక్క చక్రాలు వేగంగా, రెండో పక్కవి నెమ్మదిగా తిరిగితే బండి ఈడ్చుకుంటూ మళ్లుతుంది. బరువు ఒక కొసకే ఎక్కువుంటే తేలిగ్గా మళ్లుతుంది. ఖాళీగా ఉంటే వెనక, లోడుంటే ముందు. లోడు ఎత్తాక కూడా రెండు కొసలూ సమానమైపోతే టైర్లు నేలని గీకేస్తాయి. మా టైర్ల బిల్లు చూసేది నేనే మరి! ర్యాంపు సంగతీ ఉంది. బరువైన కొస ఎప్పుడూ ఎగువనే ఉండాలి. ఖాళీ బండి రివర్స్‌లో ఎక్కాలి, లోడుంటే ముందుకి ఎక్కాలి. వెనక ఇనుము కట్టాక ఖాళీ బండిని ముందుకి ఎక్కిస్తే ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి.

చివరికి బండి కంపెనీవాళ్లు మా మోడల్‌కని అమ్మే పలకలే తెప్పించాం. బోల్టులతో బిగించేవి, మొత్తం 80 కిలోలు. అయితే అవి ఎక్కువ ఎత్తడానికి కాదు, కుదుపులకి నిలకడ కోసం. ప్యాలెట్ మీద టైల్స్ నాలుగు చదరపు మీటర్లకి తగ్గించాం. చెక్కతో కలిపి 600 దగ్గరే ఆగుతుంది. వంద చదరపు మీటర్ల లారీకి 20 ట్రిప్పులు పట్టేది ఇప్పుడు 25. ట్రిప్పుకి నాలుగు నిమిషాలనుకున్నా ఇరవై నిమిషాలు ఎక్కువ. లారీ డ్రైవర్లు గొణుగుతారు. టీ ఇప్పిస్తాం.

అన్నయ్యకి ఇంకా అలవాటు కాని పని ఒక్కటే. లోడుతో కదిలేటప్పుడు ఫోర్కులు నేలకి జానెడు ఎత్తులోనే ఉంచి, లారీ దగ్గరికొచ్చాకే పైకెత్తాలి. ఆర్మ్స్ సగం ఎత్తుకి వచ్చేసరికి లోడు ఇంకా ముందుకి జరుగుతుంది, అక్కడే ప్రమాదం. తొందరలో మర్చిపోతే కుర్రాళ్లే అరుస్తున్నారు, "అన్నా, దించు దించు!" అని.